గట్టు మీది ఇరవై కాయలు

తెర మీద 2,020 అని పడింది. నా చీటీలో 2,000 ఉంది. ఎక్కువ పడిన ఆ ఇరవై ఎక్కడివో నాకు తెలుసు, కాయ వేసిన బావకి తెలుసు, బయట ట్రాలీ ఆటోలో కూర్చుని బీడీ కాలుస్తున్న డ్రైవరుకి కూడా తెలుసు. తెలియంది ఆ తెరకి, దాన్ని గోడకి బిగించిన చిన్నషావుకారుకి.

"మీ చీటీ తప్పా, ఆయన చెయ్యి తప్పా?" అని చిన్నషావుకారు నన్ను అడిగాడు.

"నా చీటీ తప్పు కాదండీ," అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆ మాటతో బావ ఉద్యోగం పోయింది, ఉద్యోగంతోపాటు బజారులో పేరు కూడా పోయింది. అది ఎలా జరిగిందో వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు ఏదీ చెప్పడం రాదు.

మాది పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక కొబ్బరికాయల గోదాము. ఇరవై రెండేళ్లుగా నేను అక్కడ లెక్క గుమాస్తాని. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాయి. బస్సు టిక్కెట్టు మీద అంకెలు కూడేవాణ్ణి, ఇంటి మెట్లు గుణించేవాణ్ణి, రైల్వే గేటు పడితే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పటికీ కంచరపాలెం వైపు వెళ్లి గేటు దగ్గర ఆగితే పెదవులు వాటంతట అవే కదులుతాయి. యాభై ఏడు, యాభై ఎనిమిది, గార్డు పెట్టె. క్యాలిక్యులేటరు నా బల్ల మీద ఉండేది గానీ దాన్ని నేను చీటీలు ఎగిరిపోకుండా బరువుగా మాత్రమే పెట్టేవాణ్ణి.

బావ అంటే మా ఆవిడకి అన్న. అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు. గోదాములో కాయ వేసే మనిషి. నన్ను ఆ గోదాములో పెట్టించింది కూడా అతనే. "మా సెల్లి మొగుడు బాబూ, సదూ నేదు గానీ బుర్రనిండా అంకెలే," అని పెద్దషావుకారు ముందు నిలబెట్టాడు. పెద్దషావుకారు నూట ముప్పై ఏడుని నలభై ఆరుతో గుణించమన్నాడు. ఆయన వక్క నోట్లో వేసుకునేలోపు చెప్పాను.

కాయ వెయ్యడం అంటే ఏమిటో చెప్పాలి. లారీలో ఉద్దానం నుంచి దిగిన కాయ గోదాములో కుప్పగా ఉంటుంది. కొనేవాడికి ఎన్ని కావాలో అన్ని, కాయ వేసేవాడు కుప్పలోంచి తీసి గోతాల్లోకి విసురుతాడు. ఒక్కో చేతికి రెండు, మొత్తం నాలుగు, ఒక విసురు. ఇరవై అయిదు విసుర్లు అయితే నూరు. మొదటి విసురుని ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, అని రాగం తీస్తూ వెళ్తాడు బావ. అతని రాగం సందు చివరి దాకా వినబడేది. నూరు పూర్తవగానే కుప్పలోంచి ఇంకో కాయ తీసి పక్కనున్న సిమెంటు గట్టు మీద పెడతాడు. ఎన్ని నూర్లు అయ్యాయో చెప్పడానికి ఆ కాయే గుర్తు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని నేను విసుర్లకి గీతలు పెడతాను. అంతా అయ్యాక గట్టు మీద ఇరవై కాయలుంటే రెండువేలు. నా గీతలతో అవి సరిపోతే నేను తల ఊపుతాను. నేను తల ఊపాకే అతను ఆ ఇరవై కాయల్నీ చివరి గోతంలో పడేసి మూతి కట్టిస్తాడు. అదే కొసరు. నూటికి ఒకటి.

కొసరుని చీటీలో రాయరు, పుస్తకంలో ఎక్కించరు. పుస్తకంలో ఎక్కితే అది కొసరు ఎందుకవుతుంది, సరుకే అవుతుంది. పెద్దషావుకారు తండ్రి కాలం నుంచీ అంతే. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. చూసి తెలుసుకోవాల్సిందే.

రెండేళ్ల కిందట పెద్దషావుకారుకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మాట పడిపోయింది. గోదాము అల్లుడి చేతికొచ్చింది. మేం అతన్ని చిన్నషావుకారు అంటాం. వేరే ఊళ్లో కంప్యూటరు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. ఎవర్నీ ఏకవచనంతో పిలవడు. హమాలీలకి కూడా "గారు" తగిలిస్తాడు. కసిరి తిట్టే పెద్దషావుకారు దగ్గర ఇరవై ఏళ్లు నిబ్బరంగా ఉన్నవాళ్లకి ఈయన మర్యాదకి ఒళ్లు జలదరించేది.

ఒకరోజు గుమ్మం పైన కెమెరా, నా స్టూలుకి ఎదురుగా గోడ మీద తెర వచ్చాయి. గోతంలో పడే ప్రతి కాయనీ అది లెక్కపెడుతుందిట. "కొన్నాళ్లు మీరు పక్కనే ఉండి అది ఎక్కడ తప్పుతోందో రాసిపెట్టండి. మీలాంటి వాళ్లు నేర్పితేనే దానికి వస్తుంది," అన్నాడు చిన్నషావుకారు. నాకు అది పొగడ్తలాగే వినిపించింది.

మొదటి రోజే అది తప్పింది. నా చీటీ అయిదువందలు, దాని లెక్క అయిదువందల ఏడు. మళ్లీ వేస్తే అయిదువందల తొమ్మిది. బిగించడానికి వచ్చిన మనిషి వైర్లన్నీ తడిమి చూశాడు. కారణం పట్టుకుంది నేనే. బావ అంతకుముందు వారం సింహాచలంలో గుండు చేయించుకున్నాడు. అతను గోతం మీదికి వంగినప్పుడల్లా కెమెరా ఆ గుండుని కూడా ఒక కాయగా వేసుకుంటోంది.

గోదాము గోదామంతా పగలబడి నవ్వింది. బావ గోతం మీద తల వంచి, లేపి, మళ్లీ వంచాడు. తెర మీద అంకె ఒక్కొక్కటీ పెరిగింది.

"ఓలమ్మో! నాను గూడా ఓ కాయనేనర్రా! ఏ రేటుకి అమ్మీత్తారు నన్ను?"

"నీలో నీళ్లుండవు కదేటి, ఎవుడు కొంటాడు?" అని ఒక హమాలీ.

"కొట్టి సూడ్రా, తెలుత్తాది!"

చిన్నషావుకారు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. కాయ పడే వేగం వేరు, తల వంగే వేగం వేరు, కాయ పడ్డాక తిరిగి పైకి లేవదు, అని కాగితం మీద రాసి బిగించే మనిషికి ఇచ్చాను. రెండు రోజుల్లో సరిచేశాడు. ఆ తర్వాత బావ ఎన్నిసార్లు వంగినా అంకె కదల్లేదు. అతని ఆట పోయింది.

"అది నీకేటి, మేనల్లుడేటి బావా, అలా సాకుతన్నావ్?" అన్నాడు. "రేప్పొద్దున్న పెద్దయ్యి నిన్ను పోసిత్తాదనుకుంతన్నావా?"

ఇంటి దగ్గరా ఇంతే. అత్తవారింట్లో పదిమంది కూడితే నా మీద ఒక మాట వదలందే అతనికి ముద్ద దిగదు. "మా బావ పెళ్లినాడు మూడు ముళ్లూ ఏసి, మళ్లీ లెక్కెట్టి సూసుకున్నాడర్రా," అని ప్రతి పెళ్లిలోనూ చెబుతాడు. అందరూ ప్రతిసారీ నవ్వుతారు. అది నిజమే, అందుకే నేను నవ్వలేను.

కెమెరా కుదురుకున్నాక చిన్నషావుకారు ఒక పోటీ పెట్టాడు. అయిదువందల కాయలు. బావ వేగంగా వెయ్యాలి, నేను, కెమెరా విడివిడిగా లెక్కపెట్టాలి. హమాలీలు కుప్ప చుట్టూ నిలబడ్డారు. బావ లాభం అని మొదలుపెట్టి గాలిలో చేతులు కనబడనంత వేగంగా వేశాడు. నేను నూట ఇరవై అయిదు గీతలు పెట్టాను. అయిదువందలు. తెర మీద అయిదువందల ఒకటి.

గోతాలు కుమ్మరించి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. అయిదువందల ఒకటి.

బావ అరచెయ్యి పెద్దది. చిన్న కాయలైతే మూడు పడతాయి. నేను కాయల్ని లెక్కపెట్టను, విసుర్లని లెక్కపెడతానని అతనికి తెలుసు. ఒక విసురులో కావాలని అయిదు వేశాడు. ఇరవై రెండేళ్లలో నా చీటీకి అది మొదటి తప్పు. చిన్నషావుకారు దాన్ని అట్టముక్క మీద పెన్నుతో రాసి తెర కింద అంటించాడు. కెమెరా 501. మనిషి 500. మనిషి అనే రాశాడు. గారు లేదు.

"ఆటకి ఏసినాను బావా," అన్నాడు బావ, నా భుజం చరుస్తూ. "అంతదానికి మొకం అలా పెట్టీసినావేటి?"

ఆ అట్టముక్క నా స్టూలుకి ఎదురుగా అంటించి నలభై ఒక్క రోజులైంది. తర్వాతి రోజు వచ్చింది పైన చెప్పిన 2,020.

కార్తీకమాసం. కాయ కుప్పలో పడ్డమే ఆలస్యం, తెల్లారేసరికి ఖాళీ. అప్పటి దాకా గట్టు మీది కాయలు కెమెరాకి అందేవి కావు. చివరి గోతాన్ని మూతి కట్టడానికి పక్కకి, దాని చూపుకి ఆవలకి, లాగాకే కొసరు అందులో పడేది. గిరాకీ పెరిగి గోదాము గోతాలతో నిండిపోవడంతో ఆ రోజు చివరి గోతం కెమెరా కిందే ఉండిపోయింది.

"నా చీటీ తప్పు కాదండీ," అని నేను అనగానే బావ చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. అతనికి ఇంకా నవ్వులాటగానే ఉంది.

"అది కొసరు బాబూ. నూటికొకటి. మీ మావగారి తండ్రిగారి కాలం నుంచీ ఉన్నదే. గట్టు మీది కాయలే కొసరు. బావనడగండి, ఆయన తలూపితేనే నానేత్తాను."

చిన్నషావుకారు నా వైపు తిరిగాడు. "మీ పుస్తకంలో కొసరు అని ఎక్కడైనా రాశారా అండీ?"

నా ఎదురుగా అట్టముక్క ఉంది. కెమెరా 501, మనిషి 500.

"లేదండీ. పుస్తకంలో లేదు."

బావ ముఖంలో నవ్వు అప్పుడు ఆగింది. "రాయరని సెప్పు బావా. ఎవులూ రాయరని సెప్పు."

నేను చీటీ వైపు చూశాను. చీటీలో రెండువేలు ఉంది. ఎన్నిసార్లు చూసినా రెండువేలే.

హమాలీల్ని అడిగారు. "మాకేటి తెల్దు బాబూ. మూతి కట్టిన గోతం ఎత్తడమే మా పని," అన్నారు. మొన్న బావ గుండు చూసి కడుపు పట్టుకుని నవ్వినవాళ్లే. డ్రైవర్ని పిలిచారు. అతను బీడీ పారేసి, "ఏసీవోలు ఏత్తే ఒట్టుకెల్తాం. నాకేటి?" అన్నాడు.

చిన్నషావుకారు గొంతు పెంచలేదు. "మొన్న పోటీలో అందరి ముందు, లెక్క గుమాస్తా గారికి కూడా తెలియకుండా ఒక కాయ ఎక్కువ వేసి చూపించారు కదండీ మీరు. ఆ విద్య మీకు వచ్చు. నేను తప్పుపట్టను. రేపటి నుంచి రావద్దు, అంతే." పెద్దషావుకారుని అడగమని బావ అన్నాడు. "మావయ్యగారు చెప్పగలిగితే బాగుండేదండీ," అన్నాడు చిన్నషావుకారు, నిజంగానే బాధగా.

బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నా స్టూలు పక్కనుంచి వెళ్తూ ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. నా బల్ల మీది క్యాలిక్యులేటరుని ఒకసారి చూపుడువేలితో తోశాడు. అది కింద పడింది. నేను వంగి తీసుకునేసరికి అతను సందు మలుపు తిరిగిపోయాడు.

సాయంత్రానికి గోదాము గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పదకొండు సెకన్లు. కింద చిన్నషావుకారు, "ఇలాంటివి మన దగ్గర ఇక జరగవు. అందరికీ ధన్యవాదాలు," అని రాశాడు. వీడియోలో బావ గట్టు మీది కాయలు రెండు చేతుల్తో దగ్గరికి తీసుకుంటాడు. ఎడమ పక్కకి ఒకసారి చూస్తాడు. కొద్దిగా నవ్వుతాడు. తర్వాత కాయలన్నీ గోతంలోకి తోసేస్తాడు. తెలియనివాళ్లు చూస్తే, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కకి చూసి, లేరని నవ్వుకున్న దొంగలా ఉంటుంది.

అతను చూసింది నన్ను. నేను తల ఊపాను. కెమెరా చూపుకి రెండడుగులు అవతల ఉన్నాను.

గ్రూపులో హమాలీలు బొటనవేలి బొమ్మలు పెట్టారు. తొమ్మిది. పదోది నాది. పెట్టకపోతే బాగుండదనిపించింది.

బజారులో ఇలాంటివి ఆగవు. రెండు రోజుల్లో ఆ పదకొండు సెకన్లు ఉల్లిపాయల వరుసకీ, బెల్లం కొట్లకీ, అరటి గెలల వాళ్లకీ చేరాయి. బావ పనికోసం వెళ్లిన రెండు గోదాముల్లోనూ ముందు ఫోను చూపించారట. ఒకచోట, "కాయలు బాగా ఏత్తావట కదా," అని నవ్వి పంపేశారట. ఇవి నాకు అతను చెప్పలేదు. గోదాముకి వచ్చేవాళ్లు చెప్పారు, ఎంతో సరదాగా, అతను నాకేమవుతాడో తెలిసి.

మా ఆవిడకి వీడియో పుట్టింటివాళ్ల గ్రూపు నుంచి వచ్చింది. ఆమెకి చదువు రాదు. ఫోనుతో మాట్లాడుతుంది, బొమ్మలు చూస్తుంది, అంతవరకే. నేను భోజనానికి కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుని దాన్ని చూసింది. మళ్లీ చూసింది. వేలితో ఆపడం, వెనక్కి లాగడం ఆమెకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఏడోసారి ఒకచోట ఆపి ఫోను నా కంచం పక్కన పెట్టింది.

"ఏటయ్యా, మా అన్నియ్య ఎవుల్ని సూసి నవ్వుతన్నాడు?"

"నాకేటి తెలుసు."

"ఆ మూల ఏటుంటాది?"

నేను అన్నం కలుపుతూ కూర్చున్నాను.

"నీ స్టూలుంటాది. నాను క్యారేజీ తెచ్చి పెట్టీది ఆ మూలే. ఇరవయ్యేళ్లు పెట్టినాను." ఫోను వెనక్కి తీసుకుంది. "ఆడు నీకేసి సూసినాడు. నువ్వు తలూపినావు. అవునా, కాదా?"

"నన్ను పుస్తకంలో ఉందా అని అడిగినారు. నేదని సెప్పినాను. అబద్దం ఆడ్నేదు."

"ఆడ్నేదు," అంది. "మా అమ్మ నీ గురించి అప్పుడే సెప్పింది. అబద్దం ఆడని మొగుడు దొరికినాడు, జాగర్తగుండవే అని."

మర్నాడు పొద్దున్న ఇడ్లీలు పెట్టింది. నా కంచంలో గరిటెతో ఒక్కొక్కటే దింపుతూ పైకి లెక్కపెట్టింది. "లాభం. రెండు." అంతే. గిన్నె మూత పెట్టేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను రెండు చాలంటాను, ఆమె మూడోది వేస్తుంది, నేను వద్దంటూ తింటాను. మా ఇంట్లో పొద్దున్నంటే అదే.

"ఇంకోటి నేదా?"

"పుస్తకంలో రెండే ఉన్నాయి."

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతిదీ అలాగే అయింది. అన్నం రెండు గరిటెలు. చారు ఒక గరిటె. చేపల పులుసు ఉంటే ముక్కలు రెండు. నేను అడిగితే ఇచ్చేది, లేదనేది కాదు. కానీ అడగాలి. ఆమె లెక్కలు నేర్చుకోలేదనుకునేవాణ్ణి. నాకంటే నికరంగా పెట్టేది.

గోదాములో నాకు చక్రాల కుర్చీ వచ్చింది. స్టూలు తీసేశారు. సిస్టం ఇన్‌ఛార్జి అన్నారు. ఇప్పుడు కాయ వేసేవాడు లేడు. కుప్ప నుంచి గోతం దాకా వాలుగా ఒక చెక్క ఉంది, దాని మీంచి కాయలు దొర్లుకుంటూ వస్తాయి, కెమెరా లెక్కపెడుతుంది, నూరు కాగానే బీప్ అంటుంది. రాగం లేదు. నేను తెర చూస్తాను. తెర తప్పదు. తప్పని దాన్ని రోజంతా చూడ్డం ఎంత కష్టమో ఇరవై రెండేళ్లు తప్పకుండా కూర్చున్న నాకు అప్పుడు తెలిసింది.

కొసరు ఆగిపోయింది. నెల తిరగకుండా పాత గిరాకీలు పల్చబడ్డాయి. ఊరి అవతలి చివర నుంచి మూడు తరాలుగా కాయ తీసుకెళ్లే ఒక భాయి వచ్చి నా కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నూటికి నూరే ఇస్తున్నారంట కదా మీరు. నూరిచ్చే కొట్లు బజారునిండా ఉన్నాయి, ఇంత దూరం ఎందుకు రావాలి? మా అబ్బా కాలం నుంచి ఆ కొసరు తింటున్నాం. అయితే మేం దొంగసొత్తు తిన్నట్టా?"

చిన్నషావుకారు అతని మాట విన్నాడు. వినడంలో ఆయనకి లోపం లేదు. రెండు రోజులు ఆలోచించి, నూటికి ఒక కాయ ఉచితం అని బయట బోర్డు పెట్టించాడు. సిస్టంలో కూడా ఎక్కించాలి కదా. నన్నే ఎక్కించమన్నాడు. ప్రతి నూటికీ ఒకటి అదనం అని ఉన్నచోట, ఈ చూపుడువేలితో, ఒకటి అని నొక్కాను. ఆ మధ్యాహ్నం తెర మీద 2,020 పడింది. కింద ఆకుపచ్చ రంగులో సరి అని వచ్చింది.

ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పాను. మంచి కబురనుకున్నాను.

"అయితే ఇప్పుడు పుస్తకంలో ఉంది," అంది. "మా అన్నియ్యని పిలవమను."

మర్నాడు చిన్నషావుకారుని అడిగాను. నిలబడి అడిగాను, చక్రాల కుర్చీ కాస్త వెనక్కి పోయింది. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు.

"ఇప్పుడు రూల్ ఉందండీ. అప్పుడు లేదు. లేనప్పుడు చేసింది, ఇప్పుడు వచ్చిందని ఒప్పు అయిపోదు కదా. మీరు లెక్కల మనిషి, మీకు నేను చెప్పాలా?" తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "అయినా పుస్తకంలో లేదని చెప్పింది మీరే కదండీ."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నేను తల ఊపేవాణ్ణి, అతను నన్ను చూసే నవ్వాడు, అని. రెండు వాక్యాలు. వాటిని గ్రూపులో రాసి పంపమని మా ఆవిడ అప్పటికే చాలాసార్లు అంది. "నాను సెప్తే అన్నకోసం సెప్తందంటారు. నువ్వు సెప్పాల." రాసేవాణ్ణి. చెరిపేసేవాణ్ణి. ముప్పై నాలుగు సార్లు. మొదట్లో అక్షరాలు ఎక్కువగా ఉండేవి, తర్వాత తగ్గాయి, చివర్లో 'ఆ ఇరవై' అన్నదాకా వచ్చి ఆగిపోయేది. పంపితే కుర్చీ పోతుంది. యాభై మూడేళ్ల వయసులో ఏడో తరగతి వాడికి ఇంకో కుర్చీ రాదు. అది మాత్రమే కాదు. ఆ అట్టముక్క ఇంకా అక్కడే ఉంది. అది అక్కడున్నంతకాలం బావ ఏం పోగొట్టుకున్నా నాకు ఇంకా సరిపోయినట్టు అనిపించేది కాదు. ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న బావ ఇంటికి వెళ్లాను. కంచరపాలెంలో రైలు పట్టాలకి ఇవతల రెండు గదుల ఇల్లు. అతను అరుగు మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. రానూపోనూ బస్సులో నాలుగు గంటలు, నిలబడ్డం పన్నెండు. గుండు నున్నగా ఉంది.

నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గుండు తడుముకుంటూ మొదలుపెట్టాడు, ఎవరికో చెబుతున్నట్టు. "ఉజ్జోగం దొరికితే జుట్టిత్తానని మొక్కుకున్నాను. ఇచ్చీసి ఎల్తే ఆ రోజే మొకం పొటో తీసినారు. ఇప్పుడు ఆ గేటు యంత్రం గుండుంటేనే లోపలికి ఒగ్గుతాది. జుట్టు పెరిగితే, నువ్వు నువ్వు కాదు పో అంతాది. వారం వారం గీయించుకుంతన్నాను. ఒక యంత్రం గుండుని సూసి కాయంది, ఇంకోటి గుండు నేకపోతే మనిసే కాదంతాది. ఏటి బతుకు బావా, నవ్వవేటి?"

నేను నవ్వలేదు. అతను బూటు కింద పెట్టాడు.

"తలూపినావా, నేదా?"

"ఊపినాను."

"ఎన్ని రోజులైంది, ఈ మాట సెప్పడానికి? నెక్కల మనిసివి, సెప్పు."

నాకు తెలుసు. రోజూ తెలుసు. "నూట పన్నెండు."

"నూట పన్నెండు," అన్నాడు రాగంగా, పాత గొంతుతో. "నూటికొకటి కొసరుంటాది కదేటి? రేపు రా. రేపు సెప్పు." లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు గోదాముకి సెలవు పెట్టి వెళ్లాను. అరుగు మీద ఒక కుర్చీ వేసి ఉంది. ఎదురుగా పీట మీద స్టీలు గ్లాసు, గ్లాసుకి ఆనించి అతని ఫోను.

"కుర్చీ ఇటు జరుపు. ఇంకా. మొత్తం పడాల నువ్వు." తను ఫోనుకి రెండడుగులు పక్కన, దాని చూపుకి అందని చోట నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు. చెప్పమని.

"ఆ రోజు గోతంలో పడిన ఇరవై కాయలూ కొసరు. అది తరతరాలుగా వస్తున్న..."

"ఆపు. పేపరు సదివినట్టు సెప్పకు. మన మాటతో సెప్పు."

రెండోసారి మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయాను. అతను గ్లాసులో నీళ్లు కూడా ఇవ్వలేదు. ఫోను దానికి ఆనించి ఉంది కదా. మళ్లీ తల ఊపాడు. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ ఆగి చూసింది. మూడోసారి మొత్తం చెప్పాను. ఆ ఇరవయ్యీ కొసరే, నాను తలూపితేనే ఆడేసేవోడు, ఇరవై రెండేళ్లు అలాగే జరిగింది, నన్నడిగినప్పుడు నాను సెప్పనేదు, ఆడు దొంగ కాదు. నలభై మూడు సెకన్లు వచ్చింది. అతను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూసుకుని ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎవులికి పంపుతావు?" అన్నాను.

"ఇప్పుడు పంపితే నాకేటొత్తాది? గోదాములో ఇప్పుడు కాయేసీ మనిసే నేడు కదా." బూట్లు తొడుక్కుంటున్నాడు, మధ్యాహ్నం బస్సుకి టైమవుతోంది. "గట్టు మీద ఉండనీ బావా. ఎప్పుడెయ్యాలో అప్పుడేత్తాను."

అతను దాన్ని ఇప్పటి దాకా ఎవరికీ పంపలేదు. పొద్దున్నే గోదాముకి వెళ్లి ఫోను తెరిచినప్పుడు ముందు గ్రూపు చూస్తాను. చిన్నషావుకారు నన్ను పిలిస్తే, ఎందుకో చెప్పేలోపే గ్రూపు మళ్లీ ఒకసారి చూస్తాను. పంపెయ్యమని ఒకసారి మా ఆవిడ చేత చెప్పించాను. "తొందరేటి?" అన్నాడట. ఆమె ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆమె నవ్వు.

మొన్న అత్తవారి తరఫు వాళ్లింట్లో ఒక గృహప్రవేశం. భోజనాల వరుసలో బావ సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. ఫోను జేబులోంచి తీసి, తెర కిందికి ఉండేలా, తన ఆకు పక్కన నేల మీద పెట్టాడు. మూడు ముళ్ల కథ చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు నా మీద ఒక్క మాట కూడా అనడు. అందరూ అతని వైపు చూసి, నవ్వడానికి ఏమీ దొరక్క, నా వైపు చూశారు.

మా ఆవిడ గారెల పళ్లెంతో వరుస వెంట వచ్చింది. అన్న ఆకులో మూడు వేసి, వద్దంటున్నా వినకుండా నాలుగోది వేసింది. నా దగ్గరికొచ్చి రెండు వేసింది. పళ్లెం ఎత్తబోతూ అన్న వైపు చూసింది.

బావ తల ఊపాడు. ఆమె ముందుకి వెళ్లింది.